కారవాన్‌లో చెమ్మ కనబడితే ముందు అది ఏ నీరో తేల్చుకోవాలి

పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుగా మార్చుకున్న బండి, అంటే కారవాన్ లోపల చెమ్మ కనబడగానే చాలామంది చేసే మొదటి పని బజారుకు వెళ్లి సిలికాన్ ట్యూబు తెచ్చి, తడిసిన చోటల్లా పూయడం. నా ఉద్దేశంలో సీలెంటు, అంటే సిలికాన్ లాంటి సందులు మూసే పదార్థం, చిట్టచివర చేతిలోకి తీసుకోవలసిన వస్తువు. బండిలో కనబడే నీరు మూడు దారుల్లో దేని నుంచైనా వచ్చి ఉండవచ్చు. ఒకటి పైనుంచి పడే వాన నీరు. రెండోది మనమే ట్యాంకులో నింపుకుని పంపుతో పైపుల్లో తిప్పుకునే నీరు. మూడోది గాలిలో ఆవిరిగా ఉండి, చల్లని రేకు తగలగానే చుక్కలుగా మారే నీరు. ఈ మూడింటినీ వెతికే పద్ధతులు వేరు, బాగుచేసే పద్ధతులూ వేరు. ఏ నీరో తేల్చుకోకుండా పూసిన పూత చాలాసార్లు మేలు చేయకపోగా, లోపలికి చేరిన నీరు బయటికి పోయే సందును కూడా మూసేసి, చెక్కను లోలోపలే కుళ్లబెడుతుంది.

మేము విజయనగరంలో ఉంటాము. మాది ఇనుప రేకు బాడీ ఉన్న మినీ బస్సు. సీట్లు తీయించి, రెండు పడకలు, చిన్న వంటగట్టు, సింకు, వెనక మూల స్నానపు గది, 100 లీటర్ల మంచినీటి ట్యాంకు అమర్చుకున్నాము. కప్పు ఎత్తు పెంచడం, కిటికీలకు రేకు కోయడం వంటి బాడీ పని సాలూరులో చేయించాము. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, లారీ బాడీ అంటే మా ప్రాంతంలో ఇప్పటికీ ముందు తలచుకునేది ఆ ఊరినే. అమ్మానాన్నలను అరసవల్లికీ శ్రీకూర్మానికీ తీసుకువెళ్లాలన్నా, పిల్లలతో కళింగపట్నంలోనో బారువలోనో సముద్రం ఒడ్డున ఒక రాత్రి గడపాలన్నా, చలికాలంలో అరకు ఎక్కాలన్నా మాకు ఈ బండే. అంటే ఒకే ఏడాదిలో అది ఉప్పుగాలినీ, ఘాటు రోడ్డు కుదుపులనూ, తుపాను వాననూ చూస్తుంది. ఇలాంటి బండ్లు మన జిల్లాల్లో ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి కనుక, నీటి సంగతి కాస్త వివరంగా రాయడం అవసరమనిపించింది.

పరికరాల కంటే ముందు కావలసింది ఒక నోటు పుస్తకం. తడి ఎప్పుడు కనబడింది, అంతకు ముందు వాన పడిందా, పంపు వేసి ఉందా, బండి ఆగి ఉందా నడుస్తోందా, ఆగి ఉంటే ముందు వైపు పల్లంగా ఉందా వెనక వైపు పల్లంగా ఉందా, ఏసీ ఎంతసేపు నడిచింది అన్న సంగతులు రాసిపెట్టుకుంటే పని సగం తేలిక అవుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, బండిని షెడ్డు కింద నిలిపినా రాత్రిపూట కొత్తగా తడి చేరుతుంటే గాలిలోని ఆవిరిని అనుమానించాలి. వాన లేని రోజుల్లో, అదీ ట్యాంకులో నీళ్లున్నప్పుడే తడి వస్తుంటే పైపుల వైపు చూడాలి. వాన వెలిసిన కొన్ని గంటలకు మొదలై, ఎండ కాశాక మెల్లగా తగ్గే తడి కప్పు నుంచో కిటికీ నుంచో వస్తున్నట్టు లెక్క. అయితే ఒక జాగ్రత్త అవసరం. వేడి తగలకుండా గోడల మధ్య గ్లాస్ ఊల్ (గాజు పీచు) నింపి ఉంటే అది పీల్చుకున్న నీటిని చాలా రోజులపాటు వదులుతూనే ఉంటుంది గనుక, ఆ బండ్లలో ఎండ కాసిందన్న ఒక్క ఆధారంతో నిర్ణయానికి రాకూడదు.

గాలి నీటి సంగతి ముందుగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దానికి సీలెంటుతో పనే లేదు. మన తీరంలో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజు మామూలే. అలాంటి గాలి సుమారు 28 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీరు విడిచేస్తుంది. ఏసీ గాలి తగిలే గొట్టం, అప్పుడే చల్లని బోరు నీళ్లు పోసిన ట్యాంకు, తలుపు తీసినప్పుడల్లా బయటి గాలి తగిలే గుమ్మం దగ్గరి రేకు ఆ వేడి కంటే చల్లగానే ఉంటాయి కాబట్టి వాటి మీద చెమ్మ పడుతుంది. అరకులో చలికాలపు రాత్రి ఇది తిరగబడుతుంది. బయట రేకు చల్లబడి ఉంటుంది, లోపల నలుగురు నిద్రపోతూ వదిలే ఊపిరి, చెమట కలిపి తెల్లవారేసరికి ఒక లీటరు దాకా ఆవిరి అవుతుంది. అదంతా కిటికీ అద్దాల మీద, పూత లేని ఇనుప పట్టీల మీద చుక్కలు కట్టి, పరుపు అంచుల్లోకి జారుతుంది. చూసినవారు కిటికీ కారుతోందనే అనుకుంటారు.

దీన్ని తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. అనుమానం ఉన్న చోట తుడిచి ఆరబెట్టి, అరచేయంత అల్యూమినియం రేకు కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లవారి చూస్తే తడి కాగితం పైవైపు ఉంటే అది గదిలోని ఆవిరి, కాగితం కింద, అంటే గోడ వైపు ఉంటే అది గోడ లోపలి నుంచి వస్తున్న నీరు. మొదటిదైతే పైకప్పు వెంటిలేటరును ఒక అంగుళం తెరిచి ఉంచడం, బండి లోపల బట్టలు ఆరవేయకపోవడం, వంట చేసేటప్పుడు ఎగ్జాస్టు ఫ్యాను వేయడం, పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు పెట్టడం, బయటపడ్డ ఇనుప పట్టీలకు ఫోము అంటించడం సరిపోతాయి.

ఇక ట్యాంకు నీరు. ఇది మూడింటిలోకి తేలిగ్గా దొరుకుతుంది, ఎందుకంటే పంపే మనకు సాక్ష్యం చెబుతుంది. మన బండ్లలో వాడే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపులకు లోపలే ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కుళాయి తెరిస్తే ఒత్తిడి తగ్గి పంపు మొదలవుతుంది, కట్టేస్తే ఒత్తిడి పెరిగి, రకాన్ని బట్టి 40 నుంచి 55 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర ఆగిపోతుంది. కుళాయిలన్నీ కట్టేసి, పంపు ఆగిన తర్వాత ఎవరూ ఏదీ వాడకుండా వదిలేయాలి. రాత్రి అందరూ పడుకున్నాక ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది. కాసేపటికి పంపు టకటకమని ఒక్క క్షణం కొట్టుకుని ఆగిపోతే, ఎక్కడో ఒత్తిడి పోతున్నట్టే. రెండు చప్పుళ్ల మధ్య ఎంత సమయం పట్టిందో రాసుకోవాలి. ఆ సమయం ఎంత తక్కువైతే లీకు అంత పెద్దది.

ఒత్తిడి పోయినంత మాత్రాన నీరు బయటికి కారుతోందని చెప్పలేము. నీటిని వెనక్కి పోనివ్వకుండా పంపు లోపల ఉండే నాన్-రిటర్న్ వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీరు వెనక్కి ట్యాంకులోకే జారిపోతుంది, బండిలో ఎక్కడా చుక్క కనబడదు. అందుకని పంపు దాటగానే ఒక చిన్న బాల్ వాల్వు పెట్టించుకోవడం ఎంతో ఉపయోగం. పంపు ఆగాక ఆ వాల్వు మూసి చూడాలి. మూసినా పంపు మళ్లీ కొట్టుకుంటే లోపం పంపుది. మూశాక నిశ్శబ్దంగా ఉంటే లోపం వాల్వుకు అవతల, అంటే పైపులు, కుళాయిలు, గీజరు, టాయిలెట్ వాల్వుల్లో ఉన్నట్టు. ఈ ఒక్క వాల్వు ఉంటే, పైపుల కోసం చెక్క పలకలన్నీ విప్పుకునే శ్రమ చాలాసార్లు తప్పుతుంది.

పైపుల వైపే అని తేలాక ఒక్కొక్క జాయింటునూ పొడి టిష్యూ కాగితంతో చుట్టూ తుడిచి చూడాలి. కంటికి ఆనని చెమ్మ కూడా టిష్యూ మీద మచ్చగా పడుతుంది. చేయి దూరని చోట జాయింటు కింద పాత దినపత్రిక పరిచి పంపు వేసి వదిలేయాలి, పత్రిక మీద పడ్డ చుక్క ఆరిపోయినా ముడత మిగులుతుంది. సెకనుకు ఒక చుక్క అంటే చిన్న విషయంగా అనిపిస్తుంది. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, అది రోజుకు 4 లీటర్లకు పైనే, పడక కింద ప్లైవుడ్ అంతా నానిపోవడానికి చాలినంత.

పంపుకు ముందు వైపు, అంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టం మీద లోపం ఉంటే లక్షణాలు వేరుగా ఉంటాయి. అక్కడ పంపు నీటిని లాగుతుంది కనుక, పంపు నడిచేటప్పుడు నీరు బయటికి కారకపోగా గాలి లోపలికి చొరబడుతుంది. కుళాయి నుంచి నీరు ఉమ్మినట్టు ఆగి ఆగి వస్తుంది, పంపు ఎంతసేపటికీ ఆగదు. పంపు ఆపిన తర్వాతే అక్కడ చెమ్మ కనబడుతుంది. ఇక్కడ బిగించవలసింది సాధారణంగా హోస్ క్లాంపు ఒక్కటే.

వాడిన నీటి పైపులకు ఒత్తిడి ఉండదు కాబట్టి పంపు పరీక్షతో అవి దొరకవు. మిఠాయిల్లో వేసే రంగును చిటికెడు ఒక చెంబు నీటిలో కలిపి సింకులో పోయాలి. కింద అల్మారాలో రంగు తడి కనబడితే వేస్ట్ పైపుదో దాని వాషరుదో లోపం. స్నానపు గదికి వేరే రంగు వాడితే రెండింటినీ ఒకేసారి పరీక్షించవచ్చు. ట్యాంకు విషయంలో ఇంకో మాట. 100 లీటర్ల నీరంటే 100 కిలోల బరువు, అది ఘాటు మలుపుల్లో పక్కకు ఊగుతుంది. ట్యాంకు నిండుగా ఉండి కొండ ఎక్కినప్పుడు మాత్రమే తడి వస్తుంటే ట్యాంకు పగిలిందని కంగారు పడకుండా, పైన నీరు పోసే గొట్టాన్నీ గాలి పోయే సన్నని గొట్టాన్నీ చూడాలి. సమతల రోడ్డు మీద నీరు ఆ ఎత్తుకు చేరదు.

గీజరు దగ్గర కారే నీటిని కూడా తొందరపడి లీకు అనకూడదు. 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేస్తే అది సుమారు 85 మిల్లీలీటర్లు పెరుగుతుంది. నాన్-రిటర్న్ వాల్వు ఉన్నచోట ఆ పెరిగిన నీటికి వెనక్కి వెళ్లే దారి ఉండదు కనుక, సేఫ్టీ వాల్వు దాన్ని చుక్కలుగా వదులుతుంది. అది దాని ధర్మం. ఆ వాల్వును మూసివేయడం ప్రమాదకరం. దానికి ఒక సన్నని గొట్టం తగిలించి బండి కిందికి వదిలేయాలి.

బాగుచేయడంలో నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఇంటి ప్లంబింగును యథాతథంగా బండిలోకి తేవద్దు. మన ప్లంబర్లు అలవాటుగా సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపులను సాల్వెంటు జిగురుతో అతుకుతారు. గోడలో కదలకుండా ఉండే పైపుకు అది బాగుంటుంది, రోజంతా అదిరే బండిలో ఎల్బో దగ్గర సన్నని చీలిక వస్తుంది. వంగే గుణం ఉన్న పెక్స్ పైపుగానీ దారపు అల్లిక ఉన్న గట్టి హోస్‌గానీ వేసి, దాదాపు అడుగుకొకచోట రబ్బరు ఉన్న క్లిప్పుతో పట్టిస్తే జాయింట్ల మీద బరువు పడదు. తప్పనిసరై సీపీవీసీ అతికితే ఒక రోజంతా ఆరనిచ్చాకే పంపు వేయాలి. ప్లాస్టిక్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించి, స్పానరుతో కొద్దిగా మాత్రమే తిప్పాలి. ఓ-రింగు (రబ్బరు వలయం) ఉన్న యూనియన్లకు, అంటే విప్పి బిగించుకునే జాయింట్లకు, టేపు అక్కరలేదు, అక్కడ నీటిని ఆపేది రబ్బరే.

అసలు కష్టం వాన నీటితో. ఆ విషయంలో సాలూరు బాడీ మేస్త్రి ఒకాయన చెప్పిన మాట నాకు ఎంతో పనికివచ్చింది. "చుక్క పడ్డ కాడ ఎతికితే ఏటి దొరుకుతాది బాబూ, పైన వాటం ఎటుందో ముందు చూడండి" అన్నాడాయన. తాటాకు ఇంట్లో వాసం వెంబడి జారిన నీరు ఇంకో మూలన పడినట్టే, బండి కప్పులో దూరిన నీరు కూడా రేకు కింది ఇనుప చట్రం వెంట, వైర్ల కట్ట వెంట ప్రయాణించి, వాటం ఆగిన చోట లేదా ఒక స్క్రూ అడ్డు తగిలిన చోట పడుతుంది. మా బండిలో వెనక పడక తలవైపు చెమ్మ వచ్చేది. సీలింగు పలక విప్పి టార్చి వేసి చూస్తే, చట్రపు పైపు అడుగున తుప్పు రంగులో సన్నని గీత ఒకటి ముందుకు సాగుతూ కనబడింది. దాని అంచున ఎండిన ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. ఆ గీత వెంట వెళ్తే అది సోలార్ ప్యానెల్ను పట్టి ఉంచే బ్రాకెట్టు దగ్గర ఆగింది. అక్కడ స్క్రూ కొన రేకును దాటి లోపలికి పొడుచుకు వచ్చి ఉంది. పైన మగ్గుతో నీళ్లు పోయిస్తే, కొంతసేపటికి ఆ కొనన ఒక చుక్క ఊరి, కింద పడకుండా పక్కకు వాలి, చట్రాన్ని తాకి దాని వెంట జారిపోయింది. అది తడి కనబడ్డ చోటికి ఆరడుగుల దూరం.

ఇలాంటి చోట్లు ప్రతి బండిలోనూ కొన్ని ఉంటాయి. కప్పు రేకులు కలిసే అతుకులు, వెంటిలేటరు చుట్టూ ఉండే చట్రం, లగేజీ క్యారియరు కాళ్లు, వెనక నిచ్చెన స్క్రూలు, పైన వెలిగే చిన్న దీపాలు, యాంటెన్నా వైరు దూరే రంధ్రం, తలుపు బీడింగు (అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ), వెనక లైట్ల వెనకాల ఉండే రబ్బరు అన్నీ చూడాలి. జరిపే కిటికీల విషయంలో చాలామందికి తెలియని సంగతి ఉంది. వాటి కింది పట్టాలోకి వాన నీరు రావడం సహజమే. ఆ నీరు బయటికి పోవడానికే పట్టాకు బయటివైపు చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఆకు ముక్కలు, ఉప్పు పేరుకుని అవి మూసుకుపోతే పట్టా నిండి నీరు లోపలికి పొర్లుతుంది. ఒక సన్నని తీగతో పొడిచి నీళ్లు పోసి చూస్తే సరిపోయేదానికి కిటికీ చుట్టూ సిలికాన్ పూసినవారు, ఆ పూతతోనే రంధ్రాలను శాశ్వతంగా మూసేసుకుంటారు.

వాన ఎటునుంచి కొట్టిందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన జిల్లాల్లో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, అందులో కొంత తుపానులతో పక్కవాటుగా వస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ మన జిల్లాల వారికి గుర్తుండే ఉంటాయి. నిలువుగా పడే వానకు ఎప్పుడూ కారని కిటికీ అటువంటి గాలికి కారుతుంది, ఎందుకంటే నీటిని గాలి ఒత్తిడి బీడింగు కిందికి నెడుతుంది. జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వానలో వెళ్లినప్పుడు బండి ముందు భాగానికీ అదే పరిస్థితి. నిలిపి ఉన్న బండి మీద నీళ్లు పోసి ఏమీ కారలేదని తృప్తి పడితే ముందు అతుకు సంగతి తెలియదు.

పైపుతో నీళ్లు కొట్టి వెతికే పద్ధతికి ఒక క్రమం ఉంది. ముందు ఇంటి కరెంటు కలిపే తీగను పీకి, ఇన్వర్టరు ఆపేయాలి. చెమ్మ చేరిన గోడలో 230 వోల్టుల తీగ ఉండవచ్చు గనుక ఇందులో మినహాయింపు లేదు. లోపల ఒకరు టార్చితో ఉండాలి, బయట ఒకరు పైపు పట్టుకోవాలి. నీటిని జోరుగా కాకుండా వాన ధారలా వదలాలి. సర్వీసింగు సెంటరులో వాడే ప్రెషర్ గన్నుతో కొడితే బాగున్న బీడింగులోకి కూడా నీరు దూరి తప్పుదారి పట్టిస్తుంది. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి: కిటికీ కింది అంచు, తర్వాత పక్క అంచులు, తర్వాత పై అంచు, ఆ తర్వాత కప్పు అతుకు. ఒక్కొక్క చోట పది నిమిషాలైనా ఆగాలి. పైనుంచి మొదలుపెడితే జారే నీరు కింది చోట్లన్నింటినీ ఒకేసారి తడిపేస్తుంది, అప్పుడు ఏది కారిందో చెప్పడం అసాధ్యం.

దీనికంటే సూక్ష్మమైనది సబ్బు నీటి పరీక్ష. తలుపులు, కిటికీలు మూసి, సింకు రంధ్రాలకూ వెంటిలేటరుకూ టేపు వేసి, గ్యారేజీల్లో దుమ్ము ఊదే బ్లోయరును ఒక కిటికీలో అట్టముక్కతో అమర్చి లోపలికి గాలి కొట్టించాలి. లోపల ఒత్తిడి కొద్దిగా పెరిగితే చాలు. అద్దాల బీడింగు ఉబ్బేంతగా కొట్టకూడదు. బయట సబ్బు నీళ్లు చల్లుకుంటూ పోతే గాలి బయటికి వచ్చే చోట బుడగలు కడతాయి. నీరు లోపలికి వచ్చే దారీ సాధారణంగా అదే. ఈ పరీక్షకు వాన అక్కరలేదు, బండి లోపల కొత్తగా ఏదీ తడవదు, అందుకే నాకు ఇది ఎక్కువ ఇష్టం.

చెక్క ఎంత నానిందో తెలుసుకోవడానికి రెండు సూదులుండే తేమ మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ముందు ఎన్నడూ తడవని అల్మారా లోపల గుచ్చి చూసి ఆ అంకెను రాసుకోవాలి. మన తీర ప్రాంతపు గాలిలో పొడి చెక్క కూడా 12 నుంచి 16 శాతం దాకా చూపుతుంది. 20 శాతం దాటితే శిలీంధ్రం పట్టి కుళ్లు మొదలయ్యే అవకాశం ఉన్నట్టే. మీటరు లేకపోతే స్క్రూడ్రైవరు పిడితో పలకను తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, నానిన చెక్క మొద్దుబారిన చప్పుడు చేస్తుంది. మైకా అంచు లేవడం, స్క్రూ తల చుట్టూ నల్లని వలయం, మూసి ఉన్న బండి తలుపు తీయగానే బూజు వాసన రావడం కూడా నమ్మదగిన గుర్తులే.

దారి దొరికాక సీలెంటు. అతుకు ఎందుకు తెరుచుకుంటుందో తెలిస్తేనే ఏది పూయాలో తెలుస్తుంది. వేసవిలో తెల్లవారుజామున 25 డిగ్రీలు ఉన్న కప్పు మధ్యాహ్నానికి 60 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆ తేడాకు 4 మీటర్ల ఇనుప రేకు సుమారు 1.7 మిల్లీమీటర్లు సాగితే, అంతే పొడవున్న అల్యూమినియం పట్టీ 3.2 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండింటినీ కలిపిన అతుకు ప్రతి రోజూ ఒకటిన్నర మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుందన్నమాట. అక్కడ రాయిలా గట్టిపడే ఎపాక్సీ ముద్ద పెడితే పగులుతుంది. సాగే పదార్థమే నిలుస్తుంది. వెంటిలేటరు చట్రం, బ్రాకెట్టు వంటి వాటి అడుగున ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యూటైల్ టేపు పరిచి స్క్రూలు బిగించాలి. అంచుల మీద పాలీయురెథేన్ సీలెంటుగానీ ఎంఎస్ పాలిమర్ అనే మరో రకం సీలెంటుగానీ వేయాలి. పాలీయురెథేన్ అతుకు బలంగా పడుతుంది కాని ఎండకు పైపొర పొడిగా రాలుతుంది, కాబట్టి దానిమీద పెయింటు వేయడం మంచిది. ఎండ నేరుగా తగిలే కప్పుకు నేను ఎంఎస్ పాలిమర్‌నే ఎంచుకుంటాను. ఇది ఖరీదే, అయినా ట్యూబు ధర కుళ్లిన పలక మార్చే ఖర్చు ముందు చాలా తక్కువ.

సిలికాన్‌ను కప్పు మీద వాడవద్దని చెప్పడానికి బలమైన కారణం ఉంది. ఒకసారి సిలికాన్ పూసిన చోట దాని జిడ్డు మిగిలిపోతుంది, దానిమీద పెయింటు గాని, మరో సీలెంటు గాని, చివరికి కొత్త సిలికాన్ గాని సరిగా అంటవు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడిచి రేకుకు తుప్పు పట్టిస్తుంది. ఇదివరకే పూసి ఉంటే ప్లాస్టిక్ స్క్రేపరుతో మొత్తం గీకి, సిలికాన్ రిమూవరుతో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, తెల్ల గుడ్డ మీద మురికి రాకుండా పోయేదాకా తుడవాలి. పాత పూత మీద కొత్త పూత వేస్తే పాతది ఊడినప్పుడు కొత్తది కూడా దానితోపాటే ఊడుతుంది.

వదులైన స్క్రూను అలాగే మళ్లీ బిగించడం కూడా వ్యర్థం. రంధ్రం పెద్దదై ఉంటుంది కనుక ఒక సైజు లావు స్క్రూను, మరలకు సీలెంటు పూసి దించాలి. సముద్రపు గాలి తగిలే బండికి స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం మేలు. అల్యూమినియం పట్టీలో స్టీలు స్క్రూ దించితే ఉప్పు తేమ సమక్షంలో పట్టీయే తినేసుకుపోతుంది, కాబట్టి మధ్యలో నైలాన్ వాషరు, సీలెంటు తప్పనిసరి. పాలీయురెథేన్ సీలెంట్లు గాలిలోని తేమతోనే గట్టిపడతాయి, రోజుకు సుమారు 3 మిల్లీమీటర్ల లోతు దాకా. మన గాలి దానికి అనుకూలమే, కాని పూసే రేకు మాత్రం పూర్తిగా పొడిగా, చేయి పెట్టగలిగినంత చల్లగా ఉండాలి. అందుకే ఫిబ్రవరి, మార్చి ఉదయాలు ఈ పనికి మంచివి. రోహిణి కార్తె ఎండలో రేకు మీద పూస్తే పైపొర క్షణాల్లో కట్టి లోపల బుడగలు వస్తాయి.

పైన మూసేసి లోపలి తడిని మరిచిపోవడం జరగకూడదు. నానిన పలక విప్పి, గ్లాస్ ఊల్ ఉంటే పీకి పారేసి, ఫ్యాను పెట్టి, వీలైతే మూసిన బండిలో ఏసీని డ్రై మోడులో నడిపి, మీటరు అంకె ఇదివరకు పొడి అల్మారాలో రాసుకున్న అంకెకు చేరేదాకా ఆరబెట్టాలి. ఇనుప చట్రం మీద తుప్పు గీకి ప్రైమరు కొట్టాలి. వేలితో నొక్కితే దిగబడే చెక్కను ఆరబెట్టి లాభం లేదు, అంతవరకు కోసి కొత్తది వేయాలి. ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే అడగాలి. ఐఎస్ 303 ముద్ర మామూలు వాడకం పలకది. కోసిన అంచులకు తప్పకుండా వార్నిషు పట్టించాలి, ఎందుకంటే పలక నీటిని ఎక్కువగా పీల్చుకునేది అంచుల నుంచే. కొత్తగా నింపేటప్పుడు గ్లాస్ ఊల్ బదులు నీరు పీల్చని ఫోము షీటు వేయడం మన వాతావరణానికి తగిన పని.

ఏడాదిలో రెండుసార్లు, నైరుతి ఋతుపవనాలకు ముందు మే నెలలో ఒకసారి, తుపానుల కాలానికి ముందు సెప్టెంబరులో ఒకసారి నిచ్చెన వేసుకుని కప్పు అంతా చూడడం మా ఇంట్లో నియమం. సముద్రం ఒడ్డు నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కప్పు, కిటికీ పట్టాలు కడుగుతాము.

మరమ్మతు అయ్యాక సీలింగు పలకను వెంటనే బిగించవద్దు. ముందు కింది నుంచి పైకి పైపు పరీక్ష మళ్లీ చేయాలి. ఆ తర్వాత నిజమైన వానలో ఒకసారి, రోడ్డు మీద నడుస్తుండగా కూడా, చట్రం కింద టిష్యూ కాగితం పెట్టి చూడాలి. రెండింటిలోనూ కాగితం పొడిగా ఉంటేనే పలక పెట్టాలి. అప్పుడు కూడా జిగురుతో అంటించకుండా స్క్రూలతోనే బిగించాలి, ఎందుకంటే వచ్చే మే నెలలో ఆ చోటును మళ్లీ చూడడానికి అది సులువుగా ఊడి రావాలి.